నా డెబ్బై ఎనిమిది మార్కులు

నా మార్కులు చూసి బొగ్గుబాయి పెద్దదొర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లేచి, నా చేయి పట్టుకుని ఊపాడు. డెబ్బై ఎనిమిది శాతం. క్లాసుకు ఫస్టు. గోదావరిఖనిలో ఆ కాలాన మార్కులతో పైకొచ్చినవాడు ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. మిగతావాళ్లంతా కండబలంతో వచ్చారు, లేదంటే బామ్మర్ది బలంతో వచ్చారు.

ఈ మాట నేను నలభై ఏళ్లుగా చెబుతున్నాను. మొదట్లో క్వార్టర్ల ముందు నల్లా దగ్గర చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక చౌరస్తా పక్కన చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చుని చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ దొర కొంచెం పొడుగు పెరుగుతూ వచ్చాడు. ఇప్పుడాయన ఆరడుగుల మూడంగుళాలు. ఇంకో రెండేళ్లు నేను బతికుంటే ఏడడుగులు చేస్తాను.

దీనివల్ల నాకు కాలనీలో ఒక హోదా వచ్చింది. పరీక్షల రోజుల్లో తల్లులు పిల్లల రెక్క పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చేవారు. "కాకా, జర వీనికి చెప్పున్రి" అనేవారు. నేను గొంతు సవరించుకుని చెప్పేవాణ్ణి. "బిడ్డా, బొగ్గు కాలితే బూడిదైతది. మార్కు కాలది. రేపు నీ నౌకరి నీ మెమోల ఉంటది, యాది పెట్టుకో." పిల్లలు తలలూపేవారు. అలా తలూపినవాళ్లలో ఒకడికి ఇవాళ సొంతంగా మూడు టిప్పర్లున్నాయి. రోజూ నాకు చాయ్ పోయిస్తాడు. "కాకా, నాకు పదిల మూడు సబ్జెక్టులు పోయినయ్" అని నవ్వుతాడు. నేను వినపడనట్టు బిస్కెట్ ముంచుకుంటాను.

మా ఇంట్లో నేను, నా భార్య, కొడుకు, కోడలు, మనవరాలు ఉంటాం. కొడుకు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. వాడు నా ఉపన్యాసం తప్పించుకోవడానికే తొందరగా స్టీరింగ్ పట్టుకున్నాడని మా ఇంట్లో ఒక అనుమానం ఉంది. కనుక నా డెబ్బై ఎనిమిది మార్కుల బరువంతా మనవరాలి మీద పడింది. పదో తరగతిలో ఆమెకు మార్కులు బాగా వచ్చాయి. ఆ రోజు నేను చౌరస్తాలో జిలేబీ పంచాను. పోయినేడు ఎలక్ట్రికల్‌లో బీటెక్ అయిపోయింది. ఎన్ని వచ్చాయి బిడ్డా అంటే "మంచిగనే వచ్చినయ్ తాతా" అంది. మంచిగనే అంటే నా లెక్కలో ఎనభై. హోటల్‌కు వెళ్లేసరికి అది ఎనభై నాలుగైంది.

బీటెక్ అయి ఏడాది దాటినా ఆమెకు ఉద్యోగం రాలేదు. ఈ పిల్లకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది అని నేను కంపెనీలను తిట్టేవాణ్ణి. ఆమె ఫోను తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

ఒక సోమవారం పొద్దున ఆమె స్నానానికి వెళ్లింది. ఫోను కిటికీలో మోగుతోంది. ఇతరుల ఫోను ఎత్తకూడదని నాకు తెలుసు. ఎత్తాను.

"నమస్కారమండీ, సోలార్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం. మేడం శుక్రవారం ఇంటర్వ్యూకు వస్తున్నదీ లేనిదీ ఇంకా చెప్పలేదు."

"వస్తది సార్, ఎందుకు రాదు!" అన్నాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? "మార్కుల ముచ్చటల మా మనవరాలు అచ్చం నా పోలిక."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. "పదికి ఆరు పాయింట్ ఒకటి ఉందండీ. రెండో సంవత్సరం లెక్కల్లో ఒకసారి ఫెయిలయ్యారు, మళ్లీ రాసి పాసయ్యారు. మేం ఆరు దాటినవాళ్లను పిలుస్తున్నాం. పెద్దపల్లి ఆఫీసుకు అన్ని మెమోలూ తీసుకుని పది గంటలకు రమ్మనండి."

ఫోను పెట్టేశాక నాకు చలిజ్వరం వచ్చినట్టయింది. పిల్ల ఫెయిలయిందని కాదు. నేను మొదట ఆలోచించింది పిల్ల గురించి కాదు, ఒప్పుకుంటున్నాను. హోటల్లో చెప్పిన ఎనభై నాలుగును ఇప్పుడు ఎక్కడ దాచాలి అని ఆలోచించాను.

మనవరాలు తల తుడుచుకుంటూ వచ్చింది. "ఎవలు తాతా?"

"శుక్రవారం నువ్వు పెద్దపల్లి పోతున్నవ్. నేను చెప్పేసిన."

ఆమె చేతిలో తువ్వాలు ఆగిపోయింది. "నేను పోను."

"ఎందుకు పోవు?"

"నీకు అంతా చెప్పిన్రా?"

"ఆరు పాయింట్ ఒకటి" అన్నాను. కోర్టు బోనులో సాక్షి చెప్పినంత మెల్లగా.

ఆమె గడపలో కూలబడింది. "తెల్సింది గద. ఇగ ఇను. టేబుల్ కవతల ఐదుగురు కూసుంటరు. రెండో ఏడు లెక్కలల్ల ఎందుకు ఫెయిలయినవ్ అంటరు. నేనేమనాలె? తెలివొచ్చినప్పటి సంది ఒక్కటే ఇంటున్న. డెబ్బై ఎనిమిది, డెబ్బై ఎనిమిది, దొర కుర్చీలకెల్లి లేచిండు. నా మెమో జూసి లేచెటోడు ఎవడు తాతా? బయటికి పొమ్మనడానికి లేస్తడు. గిది నాలుగోది. మూడు ఇంటర్వ్యూల మెసేజులు డిలీట్ చేసిన."

"మూడా!"

"మూడు. గిది గూడ చేస్తుంటి. నువ్వు ఫోనెత్తినవ్."

వెనుక వరండాలో నా భార్య చాటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతోంది. ఆమె తల ఎత్తలేదు. "చెప్పవయ్యా" అంది.

"ఏం చెప్పాలెనే?"

"నోరు తెరిస్తే చెప్తనే ఉంటవ్ గద. గిప్పుడు చెప్పు. నీ దొర జేయవట్టి పోరి నాలుగోది గూడ పోగొట్టుకుంటాంది."

ఇక్కడ పాఠకులకు కూడా చెప్పేస్తాను, మళ్లీ వేరుగా ఎవరు చెబుతారు. ఆ డెబ్బై ఎనిమిది కాలేజీలో వచ్చినవి కావు. వాటిని చూసి నాకు ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. మొదటి పేరాలో దొర ఉన్నాడు, మార్కులున్నాయి, కుర్చీ కూడా ఉంది. వాటిని నేను వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి ఒక గదిలో పెట్టాను.

అసలు సంగతి ఇది. నేను కరీంనగర్‌లో మూడేళ్లు బీఎస్సీ చదివాను. వచ్చింది మూడో తరగతి పాసు. ఎంత అంటే నలభై ఒకటి. ఆ మెమో జేబులో పెట్టుకుని ఏడాది పాటు ఆఫీసుల మెట్లెక్కాను. ఎక్కడికి వెళ్లినా నా ముందు రెండో తరగతిలో పాసైనవాడు ఒకడు కూర్చుని ఉండేవాడు. అప్పటికే నాకు పెళ్లయింది. మా మామ బొగ్గుబాయిలో ఫిల్లరు. అంటే తట్టా చెమ్మస్ పని. చెమ్మస్ అంటే పార. దాంతో బొగ్గెత్తి తట్టలో పోసి, తట్ట మోసి పట్టాల మీది టబ్బు నింపాలి. ఆ పనికి మనుషుల్ని తీసుకుంటున్నారని మామ కబురు పంపాడు. కబురు చివర ఒక హెచ్చరిక కూడా పంపాడు, "సదువుకున్నట్టు కనవడొద్దు" అని.

ఆ పనికి చదువు అక్కర్లేదు అంటే చాలదు. చదువు ఉండకూడదు. చదువుకున్నవాడు నెల రోజులు తట్ట మోసి, ఆ తర్వాత నడుం నొప్పి అని ఆఫీసులో కుర్చీ పని కోసం తిరుగుతాడని కంపెనీవాళ్ల భయం. అందుకని పట్టుకుని మరీ వెనక్కి పంపేవారు. మావాళ్లు కూడా తక్కువ తినలేదు. డిగ్రీలవాళ్లు, పదో తరగతివాళ్లు, కాగితాలన్నీ ఇంట్లో బియ్యం డబ్బా అడుగున పెట్టి వేలిముద్ర వేసే నిశానీగాళ్లయి వచ్చేవారు. ఈ భూమ్మీద ఎక్కడైనా మనుషులు లేని చదువు ఉందని అబద్ధమాడతారు. మా బొగ్గుబాయిల దగ్గర ఉన్న చదువు లేదని అబద్ధమాడాం.

ముందు అరచేతులు చూసేవారు. నావి దోసపండు ముక్కల్లా ఉండేవి. నెల రోజులు కట్టెలు కొట్టి కాయలు కాయించాను. తట్ట మోయించారు, మోశాను. పరుగెత్తించారు, పరుగెత్తాను. ఆఖరున గుమాస్తా బల్ల. కోస్తా నుంచి వచ్చిన మనిషి, సన్నటి కళ్లద్దాలు. ఆయన ముందు సిరా డబ్బా, కాగితం. అందరం ఆయన వేలిముద్ర చూస్తాడనుకున్నాం. ఆయన చూసింది ముద్రను కాదు, ముద్ర వేశాక మనిషి ఏం చేస్తాడో చూశాడు.

నా ముందున్నవాడు బొటనవేలు చక్కగా ఒత్తాడు. ఒత్తి, జేబులోంచి నాలుగు మడతల రుమాలు తీసి వేలు తుడుచుకున్నాడు.

"ఏ కాలేజీ బాబూ?" అన్నాడు గుమాస్తా.

వాడు పాపం కాలేజీ పేరు చెప్పేశాడు. అంతే, బయటికి పంపేశారు.

నా వంతు వచ్చింది. వేలు ఒత్తాను. ఒత్తి, ఆ సిరాను తలకు రాసుకున్నాను. నిశానీ వేసేవాళ్లు అదే చేస్తారు, జుట్టుకు తుడుచుకుంటారు. ఇది నాకు ముందే తట్టింది. అంత తెలివి చూపించాక కూడా ఒక తప్పు చేశాను. నా కళ్లు కాగితం మీద ఎడమ నుంచి కుడికి ఒక వరుస, మళ్లీ ఎడమ నుంచి కుడికి ఇంకో వరుస వెళ్లాయి.

"ఏంటోయ్ చూస్తున్నావ్?"

"బొమ్మలుంటయేమో అని, దొరా."

గుమాస్తా నవ్వి పొమ్మన్నాడు. వారం తిరక్కుండా హాజరు మస్టర్‌లో నా పేరు పడింది. నా డిగ్రీ నాకు ఉద్యోగ విషయంలో చేసిన సాయం ఒక్కటే. అది ఇంట్లో ఉండిపోవడం.

ఇదంతా చెప్పేసరికి మనవరాలు గడప చెక్క పట్టుకుని నవ్వుతోంది. తడి జుట్టు ముఖం మీద పడినా తీసుకోవడం లేదు. "తలకు తుడుసుకున్నవా? నూనె లెక్కనా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. ఏడాదిలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. నాకూ హుషారొచ్చి, గుమాస్తా కళ్లద్దాలు ఎలా జారాయో చేసి చూపించాను. అప్పుడు ఆమె కళ్లు తుడుచుకుని అంది:

"అయితే మంచిగైంది. నేను గూడ దాస్త. రెండో ఏడు మెమో పోయింది సార్ అంట. ఫెయిలయిన మాటే ఎత్తను."

నేను శభాష్ అనబోయాను. నిజంగా నోరు తెరిచాను.

"పోస్టుకార్డు గురించి చెప్పు" అంది నా భార్య, చాటలోంచి ఒక రాయి తీసి బయటికి విసురుతూ.

పోస్టుకార్డు సంగతి నేను చాయ్ హోటల్లో ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని పెంచడానికీ లేదు, తగ్గించడానికీ లేదు.

నేను పనిలో చేరిన మూడో ఏడు. నా పక్కన ఒకాయన టబ్బులు నింపేవాడు. మంచిర్యాల అవతలి పల్లె. నాకంటే పదేళ్లు పెద్ద. నా అన్నం డబ్బాలో కూర లేకపోతే తన డబ్బా నా వైపు జరిపేవాడు. ఆ రోజు మొదటి షిఫ్టుకు దిగేముందు హాజరు కిటికీ దగ్గర ఆయనకు ఒక కార్డు ఇచ్చారు. ఆయనకు చదువు రాదు. నడుముకున్న సంచిలో పెట్టుకుని దిగాడు. లోపల మొదటి టబ్బు నిండాక కూర్చున్నప్పుడు కార్డు తీసి మా ముందు పట్టాడు. "ఎవలకన్న సదువు వస్తదారా?" అన్నాడు.

నా టోపీ దీపం ఆ కార్డు మీదే పడింది. నాలుగు వరుసలు. ఆయన అడగడం పూర్తయ్యేలోపల నేను చదివేశాను. అమ్మకు బాగాలేదు, నిన్నే కలవరిస్తోంది, కార్డు అందగానే బయలుదేరు.

పది అడుగుల దూరంలో సర్దార్ కూర్చుని ఉన్నాడు. మా గుంపు మీద అజమాయిషీ ఆయనది. నా చదువు సంగతి ఆయన చెవిన పడితే ఆ సాయంత్రమే నా నౌకరి పోతుంది.

"నాకెక్కడి సదువు అన్నా" అన్నాను.

ఆయన కార్డు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. షిఫ్టు అయ్యేదాకా, ఇంకా ఆరు గంటలు, టబ్బులు నింపాడు. మధ్యలో ఏదో పాట కూనిరాగం తీశాడు. నేను ఆయన పక్కనే నింపాను. పైకి వచ్చాక చాయ్ బండి దగ్గర ఎవరో కార్డు చదివి చెప్పారు. ఆయన మసి కడుక్కోకుండానే బస్సుకు ఉరికాడు.

రెండు వారాల తర్వాత వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, మామూలుగానే నా వైపు జరిపాడు. ఆ ఆరు గంటలు ముందు బయలుదేరి ఉంటే తల్లి ప్రాణంతో దొరికేదా అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆ వారమే నేను కార్మికులకు అక్షరాలు నేర్పే బడిలో చేరాను. షిఫ్టు దిగాక, నాలుగు గంటలకు, యూనియన్ ఆఫీసు వెనుక రేకుల షెడ్డులో. మంథని నుంచి వచ్చిన ఒక పంతులుగారు చెప్పేవారు. ఓపికమంతుడు. నా వేలు పట్టుకుని పలక మీద అ దిద్దించారు. నేను కావాలని చేయి వణికించాను. మొదటి నెల అక్షరాలు, రెండో నెల మాటలు, మూడో నెల వాక్యాలు. బీఎస్సీ చదివినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా చదవలేదు. అందరి ముందు, సర్దార్ ముందు, గుమాస్తా ముందు నేను చదువు నేర్చుకున్నాను. ఇక చదవొచ్చు. ఎవరూ పట్టుకోరు.

బడి చివర పరీక్ష పెట్టారు. డెబ్బై ఎనిమిది వచ్చాయి. క్లాసుకు ఫస్టు. మిగతా ఇరవై రెండు మార్కులు కావాలనే వదిలేశాను, నూటికి నూరు వస్తే అనుమానం వస్తుందని. బహుమతుల రోజు పెద్దదొర వచ్చి నాకు స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చాడు. కుర్చీలోంచి లేచాడు కూడా. ఆ మార్కులు అవి, ఆ కుర్చీ అది.

నేను మొదట చదివిపెట్టిన ఉత్తరం ఆ గుండు మనిషిదే. వాళ్ల ఊళ్లో ఎవరిదో పెళ్లి, తప్పక రావాలి అని ఉంది. అంత చిన్న ఉత్తరాన్ని ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మా షిఫ్టులో ఎవరికి ఏ కార్డు వచ్చినా చదివింది నేనే.

మనవరాలు లేచి లోపలికి వెళ్లి ఫైలు తెచ్చింది. ఎనిమిది మెమోలు తీసి నేల మీద పరిచింది. వరుసగా సర్దడం మొదలుపెట్టింది. రెండో సంవత్సరంలో లెక్కలు పోయిన మెమో తీసి, మిగతా ఏడింటి పైన పెట్టింది.

"ముందుగాల గిదే జూడనీ" అంది. "మల్ల ఎతుక్కునుడు ఎందుకు."

శుక్రవారం నేను కూడా బస్సెక్కాను. వద్దంది. మోకాళ్ల నొప్పికి పెద్దపల్లిలో మందు తెచ్చుకోవాలని అబద్ధం చెప్పాను. ఆఫీసు ఒక టైల్స్ దుకాణం పైన ఉంది. తొమ్మిదిమంది వచ్చారు. నేను కింద మెట్ల మీద కూర్చుని, ఎక్కేవాళ్ల ముఖాల్లో ఎన్ని మార్కులున్నాయో లెక్కపెట్టాను. నాకు అందరూ తొంభై పైనే కనిపించారు.

గంట తర్వాత ఆమె దిగింది.

"ఏమడిగిన్రు?"

"గదే. ఎందుకు ఫెయిలయినవ్ అన్నరు."

"ఏమన్నవ్?"

"సదవలే సార్ అన్న."

"గంతేనా?"

"గంతే. ఒకాయన నవ్విండు. మల్ల ఎట్ల పాసైనవ్ అన్నడు. సదివిన సార్ అన్న." ఆమె సీసాలో నీళ్లు తాగి మూత పెట్టింది. "తర్వాత మీటర్ చేతికిచ్చి డాబా మీదికి తోల్కపోయిన్రు. రెండు సోలార్ పలకలు చెడిపోయినయ్, ఎందుకో చెప్పుమన్నరు. ఒకటి పట్టుకున్న, లోపల వైరు ఊడింది. ఇంకోటి దొరకలే. తెల్వది సార్ అన్న."

"తెల్వది అని ఎవలన్న అంటరా బిడ్డా! ఏదన్న ఒకటి చెప్పాలె గద!"

"నువ్వు చెప్తవ్" అంది. రెండు మెట్లు దిగి మళ్లీ ఆగింది. "ఇంకోటి గూడ అడిగిన్రు. ఫోన్ల మాట్లాడింది మీ తాతనా, అచ్చం నా పోలిక అన్నడట గద, అని."

"నువ్వేమన్నవ్?"

"ఔ సార్, పోలికనే అన్న."

పన్నెండో రోజు కబురొచ్చింది. తీసుకున్నారు. ఆరు నెలలు పని నేర్పుతారు, బాగా చేస్తే ఖాయం చేస్తారు. పాత ఓపెన్‌కాస్టు తవ్వినప్పుడు పోసిన మట్టిగుట్ట మీద సోలార్ పలకలు పరిచారు, వాటిని చూసుకునే పని. ఆమె తండ్రి డంపర్‌తో మట్టి పోసినచోటే ఆమె ఎండను పట్టాలి.

చెప్పులు వేసుకోకుండానే నేను చౌరస్తాకు వెళ్లాను. మొదటి చాయ్ అయ్యేసరికి తొమ్మిదిమంది నలభైమంది అయ్యారు. రెండో చాయ్‌కు ఎనభైమంది. మీటరు చేతికివ్వగానే పలకలు రెండూ వాటంతటవే వెలిగాయి. బల్ల అవతలి ఐదుగురూ కుర్చీల్లోంచి లేచారు.

"ఐదుగురు ఒక్కసారే లేచిన్రా కాకా?" అన్నాడు మూడు టిప్పర్లవాడు.

"ఒకలెన్క ఒకలు" అన్నాను.

ఇంటికి నడుస్తూ ఒక లెక్క వేశాను. వాళ్లు పెట్టుకున్న గీత ఆరు. మా పిల్లకు వచ్చింది ఆరు పాయింట్ ఒకటి. ఆ ఒకటి లేకపోతే ఫోను మోగేదే కాదు, నేను ఎత్తేవాణ్ణే కాదు. అంటే ఇన్నేళ్లుగా కాలనీ పిల్లలకు నేను చెప్పిన మాటలో నిజం లేకపోలేదు. పాయింట్ ఒకటి మేర ఉంది. మిగతాదంతా దొర.

డ్యూటీలో చేరిన వారానికి ఆమె ముక్కు మీద ఎండకు కమిలిన మచ్చతో ఇంటికి వచ్చింది. చేతిలో రెండు ఫోటో చట్రాలు. ఒకదాంట్లో ఆ లెక్కలు పోయిన మెమో బిగించి, టీవీ పైన మేకుకు తగిలించింది. రెండోది ఖాళీగా నా ముందు పెట్టింది.

"తాతా, నీ నలభై ఒకటి మెమో తియ్యి. దీని పక్కన పెడ్త. డ్యూటీల అందరికి చెప్పిన, జూస్తమంటున్నరు."

నేను దగ్గాను. కళ్లద్దాలు తీసి తుడిచాను. "అది ఎక్కడుంది బిడ్డా ఇంక" అన్నాను. "పాత క్వార్టర్ నుంచి ఇక్కడికి మారినప్పుడు ట్రంకుపెట్టెకు చెదలు వట్టినయ్. మొత్తం తినేసినయ్. మంచి కాయితం, ఏం జేస్తం."

నా భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఖాళీ చట్రం చూసింది, నన్ను చూసింది.

"చెదలు తినాలంటే ముందుగాల కాయితం ఉండాలె గద" అంది. "మూడో తరగతి ఎక్కడిది నీకు? కెమిస్ట్రీ పోయింది, మల్ల రాయనే లేదు. సిరా తలకు రాసుకొమ్మని చెప్పింది నేను. ఇరవై రెండు మార్కులు కావాల్నని ఇడిసిపెట్టలే, భాగారాలు రాలే నీకు. ఇగ దొర అంటవా, ఆయన లేచింది ఆఖరికి జాతీయగీతం పాడిన్రు గద, అందుకు లేచిండు. అందరు లేచిన్రు. నేను గూడ లేచిన."